గౌరమ్మ జాగ

సిద్దిపేటలో బట్టలు కుట్టే కాంతమ్మ పగలంతా మిషను మీద జాకెట్లు కుడుతుంది. అన్నం తిన్నాక కాళ్లు చాపుకుని, మిగిలిన గుడ్డముక్కలతో తంగేడు, గునుగు పూలు చేసి చిన్న బతుకమ్మలు పేరుస్తుంది. పువ్వు పూర్తికాగానే దారం పళ్లతో కొరికి, చెయ్యి దూరంగా చాపి ఒక కన్ను మూసి చూస్తుంది. కూతురు రజిని వాటి ఫొటోలు ఫేస్‌బుక్‌లో పెడితే, తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరిగిన ఏట ముంబై నుంచి ఒకాయన పది కావాలన్నాడు. అది మొదటి ఆర్డరు. అది నిలబడితే దీన్నే పనిగా పెట్టుకోవచ్చని తల్లీకూతుళ్ల ఆశ. రాస్తారోకోలో బతుకమ్మ ఆడి వచ్చిన కాంతమ్మ, ఆ చెమటతోనే కూర్చుని ఒకటి కుట్టింది. రజిని ఫొటో పంపింది. ముంబై ఆయన జవాబు చూసి తల్లితో అంది:

"అవ్వా, పైన గుంత ఎందుకున్నదంటుండు. పువ్వుతోని మూసెయ్యాల్నట. లేకుంటే ఒక్కటి గూడ వద్దట."

"గౌరమ్మ జాగను మూస్తరా ఎవలన్న? పసుపు ముద్ద గౌరమ్మను యాడ పెట్టాలె?"

"షోకేసుల పెట్టుకునేటోళ్లకు గౌరమ్మ ఏందే!"

కాంతమ్మ మిషను సొరుగు తెరిచింది. జాకెట్లకు వేసే, నొక్కితే పట్టుకునే టిచ్ బటన్ల డబ్బా తీసింది. గుడ్డతో గుమ్మడిపువ్వు చేసి, గుంత మీద బటన్‌తో బిగించింది. చూస్తే మూసినట్టే ఉంది. వేలితో లాగితే టక్కున ఊడింది.

"ఇది ఊడుతదని వాళ్లకెట్ల ఎరుక?"

"పసుపు ముద్ద చేతిల వట్టుకున్న ఆడిదానికి జాగ దొరకకపోతదా బిడ్డా" అంటూ కాంతమ్మ రెండోది మొదలుపెట్టింది.