తమ్ముడు ఏ సర్కారు మనిషి

కృష్ణ ఒడ్డు నుంచి నాన్న ఈడ ఫ్యాక్టరీ నౌకరికి వచ్చిండు గని, రేషన్ కార్డు, ఓటు ఆ ఊర్లనే ఉంచిండు. అమ్మ కాన్పులకు పుట్టింటికే పోయింది, గందుకని నేను, తమ్ముడు పుట్టింది కూడ ఆడనే. బతుకుడు మాత్రం పటాన్‌చెరుల. మా కాలనీల సగం ఇండ్లది ఇదే తంతు. రాష్ట్రం రెండై ఆ ఊరు పక్క రాష్ట్రంల పడ్డంక, ఇగ అన్నీ ఈడికి మార్చుకుందామని అమ్మకు చెవినిల్లు కట్టుకొని పోరిన. మీ నాన్న ఊరిని ఎందుకు తీసేయాలని ఆమెది ఒక్కటే మాట. తమ్ముని పాస్‌పోర్టు మీద ఆ ఊరే పడ్డది. ఆధార్ మీద ఈ ఊరు.

తమ్ముడు వెల్డర్. ఈడ కంపెనీ మూతబడ్డంక ముత్తంగిల ఒక ఏజెంటును పట్టుకొని ఎడారి దేశం పోయిండు. ఆ దేశానికి రెండు సర్కార్లు, తూర్పుకొకటి, పడమరకొకటి. ఢిల్లీ ఒప్పుకున్నది పడమటి సర్కారును. వాడు పనిచేసేది తూర్పు దిక్కు. మా ఖర్మ. లడాయి మొదలుగాంగనే తూర్పోళ్లు మనోళ్లందరిని తీసుకపోయి ఒక బడిల పెట్టిండ్రు. కొడతలేరు, తిండి పెడుతున్నరు, బయటికి మాత్రం పోనిస్తలేరు.

నేను ఢిల్లీకి ఫోన్లు షురూ చేసిన. ఆడ ఒక ఆఫీసరమ్మ ఉండె, మంచిది, నా హిందీని ఓపిగ్గ వినేది. ఆమె చెప్పింది విని నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే. తూర్పోళ్లకు ఉత్తరం రాస్తే వాళ్లను సర్కారని ఒప్పుకున్నట్టే అయితదట, అందుకని రాయరట. నడుమ మనిషితోని మాట్లాడిస్తున్నరట. తూర్పోళ్లకూ రోషమే. మమ్మల్ని ఢిల్లీ ఒప్పుకోకుంటే ఢిల్లీని మేమెందుకు ఒప్పుకోవాలె, ఏ రాష్ట్రపోళ్లను ఆ రాష్ట్రం సర్కారే అడగాలె, అడిగినోళ్లకే ఇస్తమన్నరట. చిన్నపిల్లల పంచాయితీ తీరుగ లేదూ? ఆ పంచాయితీ నడుమ నా తమ్ముడు.

నేను ఈడి సర్కారు ఆఫీసుకు పోయి అర్జీ పెట్టిన. అమ్మ నాకు ఒక ముక్క చెప్పకుండ మామయ్యను తోలి ఆడి సర్కారు ఆఫీసుల ఇంకొకటి పెట్టించింది. కరెంటు మీటర్ కావాలన్నా, బడిల సీటు కావాలన్నా ఇద్దరు లీడర్లతోని చెప్పిస్తేనే జల్దీ అయితదని ఇన్నేండ్లు చూసిన మనిషి. రెండు సర్కార్లు అడిగితే కొడుకు రెండింతలు జల్దీ వస్తడనుకున్నది. ఈడోళ్లు పాస్‌పోర్టు చూసి, పక్క రాష్ట్రం అడుగుతుంది గదా అని మర్యాదగ తప్పుకున్నరు. ఆడోళ్లు ఆధార్ చూసి అంతే మర్యాదగ తప్పుకున్నరు. ఎవ్వర్నీ తిట్టడానికి లేదు. అదే నా కడుపుమంట.

ఇదంతా మాకు తెలిసేటాల్లకు తమ్ముడు ఫోన్ చేసిండు. గొంతు మెల్లగుండె.

"అక్కా, బస్సులొచ్చినయ్. రాష్ట్రం పేరు పిలిచి ఎక్కించుకుంటుండ్రు."

"ఏ పేరు పిలిచినా లేవురా."

"రెండూ పిలిచిండ్రక్కా. రెండుసార్లు లేచిన. లిస్టుల పేరు లేదని రెండుసార్లు కూసోమన్నరు."

ఇంకేమో అనబోయిండు, ఫోన్ కట్టయింది. మల్ల కలవలే.

ఇప్పుడు ఆ బడి ఖాళీగున్నదట. మా దగ్గర ఎవ్వరూ లేరని తూర్పోళ్లంటరు. బస్సులు ఎక్కినోళ్లల్ల లేడని ఢిల్లీ అంటది. నేను రోజూ రుద్రారం పోయే బస్సు కోసం నిలబడ్తగదా, కండక్టర్ ఊరి పేరు కేకేస్తే చాలు, నా ఎనక ఎవడో లేచి నిలబడ్డట్టే ఉంటది. తిరిగి చూస్త. చూస్తే కాలేజీ పోరగాండ్లు, బిహారీ కూలీలు.

అమ్మ నన్నేమీ అనదు, నేనామెను ఏమీ అనను. ఎప్పుడన్న బియ్యం ఏరుకుంట ఉండి, తలెత్తకుండనే అడుగుతది.

"ముందు ఏ పేరుకు లేచాడే?"

వాడు మల్ల ఫోన్ చేస్తే అడుగుతనమ్మా అని చెప్త.