మా అన్న మతిమరుపు

మా అన్నకు మతిమరుపు వచ్చిందని ఊరంతా జాలిపడుతుంది. నాకు మాత్రం ఒళ్లు మండిపోతుంది.

తిరుమణి దగ్గర మా చేనును సోలారు కంపెనీకి లీజుకిచ్చిన ఏడాది, పత్రం మీద ఇంటి ఆడబిడ్డగా నా సంతకం కూడా కావాలన్నారు. నా వాటా పంచి నా పేరున రాసిచ్చాకే పెడతానన్నాను. గొర్రెలకు తుమ్మకొమ్మలు కొడుతున్న అన్న చేతిలోని గొడ్డలితోనే నా మీదికి వచ్చాడు. ఎడమచేతి ఎముక విరిగిన చప్పుడు నాకే వినిపించింది. నేను మిద్దె మెట్ల మీద జారిపడ్డానని అమ్మ అందరికీ చెప్పింది. ఆస్పత్రిలోనూ అదే రాయించింది. కట్టు విప్పకముందే నా చేత సంతకం పెట్టించుకున్నారు. ఇప్పటికీ ఆ చేత్తో నీళ్ల బిందె ఎత్తలేను.

మొన్న అమ్మ తిథికి వెళ్లాను. భోజనాలయ్యాక అన్న మిద్దె మీద నిలబడి, కంచె అవతలి సోలారు పలకలను చుట్టాలకు చూపిస్తున్నాడు. అన్నీ ఒకే తీరుగా ఉంటాయి, ఎవరికైనా తికమకే. ఆయనకు కాదు.

"ఆ రెండో వరస కింద మన బాయి. దాని పక్కన గెనిమ గట్టు. ఆ మూల ఎర్రెద్దును పూడ్చినాం."

వింటుంటే నా రక్తం ఉడికిపోయింది. అందరి ముందు, నేనే కొట్టినానని అన్న ఒక్కసారి అంటే చాలు. ఇంకేమీ అక్కర్లేదు నాకు.

"నా చెయ్యి ఎట్లా ఇరిగిందో చెప్పన్నా," అన్నాను.

"మెట్ల మీద పడితివంట గదమ్మీ. నాకేం గ్యాపకం లేదు. అన్నీ మర్సిపోతాండా."

నిజంగా మరుపే అయితే బావినీ ఎద్దునూ కూడా తీసుకుపోవాలి కదా. వేరుశనక్కాయల్లో పుచ్చులు ఏరినట్టు ఏరి, నా చేతిని మాత్రం అవతల పారేశాడు. దాన్ని మరుపని నేను ఒప్పుకోను.

"ఇంతమందిలో అబద్దమా? గొడ్డలెత్తి నరికినావు గదన్నా నన్ను!" అని అరిచాను.

వదిన నా నోరు మూయబోయింది. అన్న మొహం ఎర్రబడింది.

"నరికింటే నీకు చెయ్యి ఉంటాండెనా? తిప్పి పట్టుకునే గదా కొట్టింది!"

అంత కోపంలోనూ పదును నా మీద పడకుండా గొడ్డలి తిప్పి పట్టుకోవాలని ఆయనకు తోచింది. తోచిన సంగతీ ఇన్నేళ్లూ గుర్తుంది. వదినను తోసుకుని వెళ్లి ఆయన చెంప పగలగొట్టాను.

ఎందుకు కొట్టావని ఆయన నన్ను అడగలేదు.