రాగి అయానుకు రెండు ఎలక్ట్రాన్లు

తాడేపల్లిగూడెం కాలేజీలో ఇరవై ఏళ్లుగా కెమిస్ట్రీ చెబుతున్న నన్ను వదిలేసి, పిల్లలు డౌట్లకి ఆకివీడు నుంచి కొత్తగా వచ్చిన మేడమ్ దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టారు. నాకు ఒళ్లు మండింది. ఒకరోజు ఆవిడ క్లాసు బయట నిలబడి విన్నాను.

"ఒక్కో రాగి అయాను రెండు ఎలక్ట్రాన్లు తీసుకుంటేనే లోహమవుతుంది. మరి ఒక మోల్ రాగి పూత పడాలంటే ఎన్ని కావాలి?"

"రెండు మోల్స్ ఎలక్ట్రాన్లండీ!" అని వెనక బెంచీలవాళ్లు కూడా అరిచారు. నా క్లాసులో వాళ్లు ఎప్పుడూ నోరు విప్పలేదు. నేను ఫార్ములా రాసి బట్టీ పట్టమనేదాన్ని.

మర్నాడు ఇంకో సెక్షనులో ఆ మాటలే నావిగా చెప్పాను. లెక్క అందరికీ వచ్చింది. ఒక అమ్మాయి లేచి, "పక్క సెక్షనుకి కొత్త మేడమ్ గారు కూడా ఇలాగే చెప్పారంటండి" అంది.

"అలాగా" అన్నాను. ఆవిడ దగ్గరే విన్నానని చెప్పడానికి నోరు రాలేదు.