ఫౌరన్, ఆహిస్తా

బెజవాడలో దిగేసరికి సన్నగా వాన. ఒంటి మీద ఖాకీ చీర, చేతిలో ట్రంకు పెట్టె. యుద్ధం రోజులు. సైన్యంలో ఆడవాళ్ళ దళం. నాకిచ్చిన చోటు స్టేషను పక్క రేకుల షెడ్డు, గోడకు ఇసుక బస్తాలు, బల్ల మీద టెలిఫోను. కెప్టెన్ ఇంగ్లీషులో ఇచ్చే ఆజ్ఞను అవతల సిపాయిలకు హిందీలో చెప్పాలి.

నేను బడికి వెళ్ళలేదు. ఇంగ్లీషు నాన్నగారి దగ్గర నేర్చుకున్నాను. హిందీ కొంత పుస్తకంలో, కొంత పక్కింటి బట్టల వర్తకుడి భార్య బీబీ పిన్ని వంటింట్లో. మొదటి రోజు కెప్టెన్ "కేర్‌ఫుల్లీ" అంటే నేను పుస్తకంలోలా "సావధానీపూర్వక్" అన్నాను. అవతల హవల్దారు పకపకా నవ్వాడు.

"బెహన్‌జీ, ఇది ఫోనా, పురాణ కాలక్షేపమా?"

ఆనాటి నుంచి పిన్ని మాటలే వాడాను. పిన్ని ఏ మాటకూ అర్థం చెప్పేది కాదు. పాలు పొంగితే "ఫౌరన్!" అని అరిచి నాచేత దింపించేది. గ్లాసులో పోసేటప్పుడు నా మణికట్టు పట్టుకుని "ఆహిస్తా, బేటీ, ఆహిస్తా" అనేది.

తుపాను వచ్చింది. కంకిపాడు అవతల కాలవకు గండి పడింది. ముంపు ఊరి ముసలివాళ్ళను, బాలింతలను ఎక్కించుకొస్తున్న మా లారీ గట్టు మీద ఆగిపోయింది. వెనక గండి పెరుగుతోంది. ముందు గట్టు నాని మెత్తబడింది. ఇవతల గట్టి నేల మీద హవల్దారు, అతని దగ్గర ఫోను. కేకేస్తే లారీకి వినబడుతుంది.

"డ్రైవరు భయపడుతున్నాడు. సాబ్ ఏమంటారు?" అన్నాడు హవల్దారు.

"క్విక్లీ, బట్ కేర్‌ఫుల్లీ," అన్నాడు కెప్టెన్.

రెండూ కలిపి చెబితే బెదిరినవాడు ఒకటే పట్టుకుంటాడు. తొందరపడితే గట్టు జారుతుంది. తటపటాయిస్తే గండి అందుకుంటుంది. నాకు పిన్ని పొయ్యి గుర్తొచ్చింది. దింపడం వేరు, పోయడం వేరు.

"ఫౌరన్ నిక్లో," అన్నాను. ఊపిరి తీసుకుని, "చక్రం కదిలాక ఆహిస్తా. ఆహిస్తా."

హవల్దారు ఈసారి నవ్వలేదు. అదే మాట అదే వరసలో గాలికి ఎదురు అరిచాడు.

"నేనిచ్చింది ఒకటే ఆజ్ఞ. రెండు చేశారేం?" అన్నాడు కెప్టెన్.

"త్వర బయల్దేరడానికి సార్. జాగ్రత్త గట్టు మీద."

తీగలో హోరు తప్ప ఏమీ లేదు. కూర్చోలేను. చెవికున్న తీగ ఎంత పొడుగో అంతే నా నడక. అమ్మవారి కొండ వైపు తిరిగాను. వానలో కొండ కనబడలేదు. కనబడని తల్లికే దణ్ణం పెట్టుకున్నాను. మళ్ళీ నడిచాను.

చెవిలో ముందు ఒక పసిపిల్ల ఏడుపు. తరవాత హవల్దారు.

"దాటేశారు బెహన్‌జీ! మీ పురాణం ఫలించింది!"

 కెప్టెన్ తన టీ నా వైపు జరిపాడు.

వానలు వెలిశాక నా డ్యూటీ ముగిసింది. ఇంటికి, గండి పూడ్చిన ఆ గట్టు మీదుగానే ఎడ్లబండిలో వెళ్ళాను. ఎండిన బురదలో లారీ జాడలున్నాయి. కదిలిన చోట మట్టి ఎగజిమ్మి ఉంది. అక్కణ్ణుంచి రెండు గీతలు, ఎక్కడా వంకర లేదు. దిగి చూస్తూ నిలబడ్డాను.

"అమ్మాయిగారూ, ఏమన్నా పోయిందాండీ?" అన్నాడు బండి అతను.

"ఏమీ పోలేదు," అన్నాను.

ఇల్లు చేరగానే పిన్ని చేయి తీసుకుని కళ్ళకద్దుకున్నాను.  కళ్ళు మూసుకుంటే ఇప్పటికీ కాలవ వైపు గీతే కనబడుతుంది. ఆ చక్రం కింద నేల సగమే, మిగతా సగం గాలి.