కత్తెరమ్మ నీలి గడ్డి

ఖాళీ మంచం మీద వెల్లకిలా పడుకున్న మా పిన్నిని చూసి నర్సు హడలిపోయింది.

"ఏమైందమ్మా? కళ్లు తిరిగాయా?"

"నాకేం కాలేదు. ఇక్కడ పడుకుంటే కిటికీలోంచి ఏం కనిపిస్తుందో చూస్తున్నా. గోడ తప్ప ఏముంది? పాపం, జబ్బు చేసినవాళ్లు రోజంతా దీన్నే చూస్తూ పడుంటున్నారా!"

ఆసుపత్రి మొత్తానికి ఆవిడ కత్తెరమ్మ. నాకు పిన్ని, మా అమ్మకు స్వయానా చెల్లెలు. చిరిగిన దుప్పట్లు, దిండు గలీబులు, డాక్టర్ల కోట్లు బాగుచేసే కుట్టు గది ఆవిడది. పక్క గదిలో ఇస్త్రీ నాది. దుప్పటి నడిమధ్య చీకిపోతే ఎవరైనా పీలికలు చేసి నేల తుడుస్తారు. పిన్ని అలా చేయనివ్వదు. చీకిన పట్టీని నిలువునా కత్తిరించి పారేసి, గట్టిగా ఉన్న రెండు అంచులనూ మధ్యకు తెచ్చి కుట్టేస్తుంది. వెడల్పు కాస్త తగ్గుతుంది, అంతే. నడుం కింద కుట్టు గుచ్చుకుంటోందని రోగులు గొణిగినా ఆ మాట చెవిన వేసుకోదు.

వార్డుకూ ఆ గోడకూ మధ్య ఏటవాలు మట్టి నేల ఉంది. వాన పడితే మట్టంతా జారి కాలవలోకి పోయేది. సిమెంటు పోయించి కార్లు నిలిపే చోటు చేద్దామని సూపరింటెండెంటు గారి ఆలోచన. పిన్ని అడ్డం పడింది. అందమైన గడ్డి వేస్తే మట్టీ కదలదు, చూసేవాళ్లకూ హాయిగా ఉంటుంది, పూచీ నాది అంది. ఆయన మెత్తని మనిషి. "సరేనమ్మా. వచ్చే ఏడాది వానలదాకా చూస్తాను. అప్పటికీ నేల బోసిగా ఉంటే మాత్రం సిమెంటే" అన్నారు.

నర్సరీలో పిన్ని గడ్డిని ఎంచుకున్న తీరు చూడాలి. బట్టల కొట్లో గుడ్డ తాను విప్పి చూసినట్టు ఒక్కో ఆకునూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య జార్చి చూసింది. "ఇది గరుకు, చేతులు కోసుకుంటాయి. ఇది మెత్తనే గానీ నిలబడదు." నర్సరీ ఆయన్ని అడిగిన ప్రశ్న ఇంకా బాగుంది: "ఇది ఉన్నచోట ఉంటుందా, ఊరంతా తిరుగుతుందా?" ఆయన నవ్వి, వేళ్లు పాకించుకుంటూ పోయే రకాలను పక్కకు జరిపాడు. చివరికి కుదురుగా పెరిగేవి రెండే తీసుకుంది. వెనక వరసకు దూదిలాంటి కంకులు వేసే పొడుగు గడ్డి. ముందు వరసకు జానెడు మించని నీలి గడ్డి. మంచం మీద పడుకున్నవాళ్లకు కిటికీలో కంకులు ఊగుతూ కనిపించాలి, లేచి కూర్చోగలిగిన రోజున కింద నీలిరంగు కనిపించాలి. అదీ ఆవిడ లెక్క.

లెక్క తప్పలేదు. ఆ ఏడు కిటికీ పక్క మంచం కోసం వార్డులో చిన్న చిన్న తగువులు కూడా జరిగాయి. పిన్నిని పట్టపగ్గాల్లేవు.

తర్వాత ఎండలు ముదిరి పొడుగు గడ్డి ఎండింది. ఎండాక మొదట్లోకి కోసేయమని, వానలకు కొత్తగా వస్తుందని నర్సరీ ఆయన ముందే చెప్పాడు. పిన్ని కోసింది. అక్కడితో ఆగితే పోయేది! ఎగుడుదిగుడు అంచు చూస్తే ఆవిడ చేయి ఆగదు. నీలి గడ్డిని కూడా అదే కొలతకు, లంగా అంచు కత్తిరించినంత నీటుగా కత్తిరించి, వెనక్కి జరిగి నిలబడి మురిసిపోయింది.

ముందుగా పడ్డ ఒకటి రెండు జల్లులకే పొడుగు గడ్డి చిగురించింది. నీలి గడ్డి ఉలకలేదు, పలకలేదు. ముందు వరసంతా బూడిదరంగు మోళ్లు మిగిలాయి. పిన్ని నర్సరీకి పరుగెత్తింది.

"అయ్యో, దాన్ని కొయ్యకూడదమ్మా! ఎండిన పోచలు వేళ్లతో దువ్వి తీసెయ్యాలి, అంతే" అన్నాడాయన.

అటు సూపరింటెండెంటు గారు వచ్చి మోళ్లు చూసి నిట్టూర్చారు. "మేస్త్రీ ఇంకోచోట పనిలో ఉన్నాడమ్మా. రాగానే సిమెంటు పని మొదలుపెట్టిస్తాను."

పిన్నికి తల కొట్టేసినట్టయింది. "ఆ రోగుల కిటికీ నేనే మూసేశానే" అని నా దగ్గర ఏడ్చింది. అన్నం కెలికి వదిలేసేది. నాకేమో ఒళ్లు మండేది. ఆ మేస్త్రీ పని ఏడాది పొడుగునా తెమలకూడదని ఇస్త్రీ చేస్తూ శాపనార్థాలు పెట్టాను.

ఒకరోజు పక్క గదిలో మిషను చప్పుడు టక్కున ఆగింది. వెళ్లి చూస్తే పిన్ని ఒక దుప్పటిని వెలుతురుకు ఎత్తి పట్టుకుని ఉంది. నడుమ జల్లెడ, చుట్టూ గట్టి గుడ్డ.

"మధ్యలోనే కదే పోయేది" అంది. అంటూనే దుప్పటి నా మీద పడేసి బయటికి ఉరికింది.

నేను వెళ్లేసరికి మట్టిలో కూర్చుని ఒక మోడును వేళ్లతో సహా పెళ్లగిస్తోంది. దాని నడిబొడ్డు గడ్డివాము అడుగులా కుళ్లింది. చుట్టూ అంచున మాత్రం, వంగి చూస్తేగానీ కనపడనంత సన్నగా, పచ్చటి పోచలు!

"బతికే ఉందే! కత్తెర తేవే, కత్తెర!"

"మళ్లీ కత్తెరా?" అన్నాను.

ఇద్దరం కలిసి ప్రతి కుదురునూ తవ్వాం. కుళ్లిన నడుమ భాగం పారేసి, అంచులను ముక్కలు చేసి మళ్లీ నాటాం. ముక్కలు చిన్నవే గానీ వరస నిండింది.

మేస్త్రీ వచ్చేసరికి వానలు కూడా వచ్చాయి. టేపు పట్టుకుని ఆయన, గొడుగు పట్టుకుని సూపరింటెండెంటు గారు. పిన్ని నా చేయి పట్టుకుంది, గాజులు గుచ్చుకునేంత గట్టిగా. సూపరింటెండెంటు గారు వంగి వేలెడంత నీలి పిలకలను చూశారు. తర్వాత కాలవలోకి చూశారు. అందులో నీళ్లు తేటగా పారుతున్నాయి.

"మేస్త్రీ, గేటు దగ్గర గుంట ఉంది, అది పూడ్చెయ్. ఇక్కడ నీకు పనిలేదు" అన్నారు.

పిన్ని అక్కడే మెట్టు మీద కూలబడింది. "అమ్మయ్య" అని ఒక్క మాట అని, నవ్వింది, ఏడ్చింది, ముక్కు కొంగుతో తుడుచుకుంది. నాకూ ప్రాణం లేచొచ్చింది.

ఆ మధ్యాహ్నం ఆవిడ గదిలో కనిపించలేదు. వార్డులో కిటికీ పక్క మంచం ఖాళీగా ఉందట. దాని మీద పడుకుని బయటికి చూస్తూ చూస్తూ నిద్రపోయింది. ఈసారి నర్సు హడలిపోలేదు, వేలు నోటి మీద పెట్టుకుని నన్ను లోపలికి రమ్మంది. చేతిలో ఉన్న ఇస్త్రీ దుప్పటి కప్పాను. మధ్య కుట్టు పిన్ని చెంపకు తగిలింది.

"గుచ్చుకుంటోందా పిన్నీ?"

కళ్లు తెరవకుండానే దుప్పటిని ఇంకాస్త పైకి లాక్కుంది.

"నా కుట్టు గుచ్చుకోదే" అంది.