ఖాళీ సంచుల సాక్షి

సర్కారు కాంట్రాక్టుల వకీలుగా సంగారెడ్డి నుంచి పట్నం దాకా నాకు మంచి పేరే ఉండేది. టెండరు షరతులన్నీ ఈయనకు నోటికొచ్చని నలుగురిలో మెచ్చుకునేవాళ్లు. మెచ్చుకున్నప్పుడల్లా నా తల వంగిపోయేది. ఎంత వినయమో అనుకునేవాళ్లు. వినయమా, నా బొంద. సిగ్గు. ఆ పేరు నాకు ఎలా వచ్చిందో వాళ్లకు తెలియదు.

మా నాయిన తాపీ మేస్త్రీ. చిట్కుల్‌లో చిన్న ఇల్లు, ఆదివారం చర్చి, మిగతా రోజులన్నీ పరంజా మీద. నన్ను లా దాకా చదివించింది ఆయన తాపీయే. డెబ్బైల మొదట్లో సర్కారు వకీలు దగ్గర జూనియర్‌గా చేరినప్పుడు ఆ సీనియర్, “నాన్నగారు ఏం చేస్తారయ్యా?” అని అడిగాడు. “కన్‌స్ట్రక్షన్‌లో ఉన్నారండి,” అన్నాను. మా సీనియర్‌ది కోస్తా, మా ఊరివాళ్ల సంగతి ఆయనకు తెలియదు. జీపులో తిరిగే ఏ పెద్ద కాంట్రాక్టరునో ఊహించుకుని ఉంటాడు. ఊహించుకోనీ అని ఊరుకున్నాను. అబద్ధమైతే ఆడలేదు కదా అని నా తరఫున నేనే వకాల్తా పుచ్చుకున్నాను.

అప్పట్లో సిమెంటుకు కరువు. సర్కారు పనులకు సిమెంటు డిపార్ట్‌మెంటే ఇచ్చేది. వాడుకున్నాక ఖాళీ గోనె సంచులను తిరిగి అప్పజెప్పాలి, లేకపోతే వాటి ఖరీదు బిల్లులో కోసేవాళ్లు. పటాన్‌చెరు అవతల సర్కారు క్వార్టర్లు కట్టే ఒక కాంట్రాక్టరు, సిమెంటు ఆలస్యంగా ఇచ్చి నన్ను ముంచారు, పరిహారం ఇప్పించండని తగాదా పెట్టాడు. మావాళ్లు తిరగేసి కొట్టారు. సంచులు వెనక్కి రాలేదు కాబట్టి సిమెంటును సంచులతో సహా బయట అమ్ముకున్నాడన్నారు. తీర్పు చెప్పేది కోర్టు కాదు. ఒప్పందం ప్రకారం అదే డిపార్ట్‌మెంటు పెద్ద ఇంజనీరు. ఎంత న్యాయమో చూడండి. సంగారెడ్డి ట్రావెలర్స్ బంగళా వరండాలో ఆయన బల్ల వేయించుకుని కూర్చున్నాడు.

కాంట్రాక్టరు తరఫు సాక్షి సైటు మేస్త్రీ అన్నారు. చిన్న సాక్షులను జూనియర్లకు వదిలేయడం మాలో వాడుక. “ఇతన్ని నువ్వు చూసుకో,” అని సీనియర్ తను రాసుకున్న ప్రశ్నల కాయితం నా చేతిలో పెట్టాడు. మెట్ల దగ్గర చెప్పులు విడిచి మా నాయిన లోపలికి వచ్చాడు. ఏ సైటులో చేస్తున్నావని ఆయన్ను అడిగి నాకు ఎన్నాళ్లయిందో.

నల్లకోటులో నన్ను ఒక్కసారి చూశాడు. చూపు తిప్పుకుని ఇంజనీరుకు నమస్కారం పెట్టాడు. దేవుని మీద ప్రమాణం చేశాడు. ఈయన మా నాయిన, నేను అడగలేను అని సీనియర్‌తో ఒక్క ముక్క చెబితే అయిపోయేది. చేతిలోని కాయితం మడత విప్పాను.

“ఖాళీ సంచులు ఏమయ్యాయి?” అన్నాను.

జవాబు నాకు తెలుసు. మా అమ్మ అలాంటి సంచులనే చెరువులో ఉతికి, నాలుగైదు కలిపి కుట్టి పరిచేది. ఎంత ఉతికినా పొద్దున లేచేసరికి నా జుట్టు బిరుసెక్కి ఉండేది.

“కూలోళ్లు గుడిసెలల్ల పిల్లల కింద పరుస్తరు సార్. చలికి ఆగలేరు గదా. ఎన్కటి సంది గంతే,” అన్నాడు నాయిన.

నన్నే సార్ అన్నాడు.

“అమ్ముకోలేదా?”

“లేదు సార్. సంచి అమ్మలే, సిమెంటు అమ్మలే.”

తర్వాతి ప్రశ్న దగ్గర ఆగిపోయాను. వెనక నుంచి సీనియర్, “అడగవయ్యా,” అన్నాడు. “నువ్వు కూడా తీసుకెళ్లావా?” అని అడిగాను. ఇంట్లోనూ ఆయన్ను నువ్వే అంటాను. ఆ నువ్వు వేరు.

“తీస్కపోయిన సార్. నా కొడుకు వాటి మీదనే పండి పెద్దగయ్యిండు.”

ఇంజనీరుకు సరదా పుట్టింది. “ఏం చేస్తున్నాడు నీ కొడుకు?” అని అడిగాడు.

ఇక అయిపోయింది, నా బతుకు ఈ వరండాలోనే బయటపడుతుంది అనుకున్నాను. నాయిన నా వైపు చూడనే లేదు. “పట్నంల ఉంటడు సార్. సర్కారు పనే చేస్తడు. మంచిగున్నడు,” అన్నాడు.

“సర్కారు సంచి మీద పడుకుని సర్కారు మనిషే అయ్యాడన్నమాట,” అని ఇంజనీరు నవ్వాడు. సీనియర్ నవ్వాడు. నేనూ నవ్వాను. ఛీ, ఆ నవ్వు గుర్తొస్తే నాకు ఇప్పటికీ అన్నం సయించదు.

సర్కారు సొమ్ము తీసుకున్నట్టు మేస్త్రీయే ఒప్పుకున్నాడని సీనియర్ వాదించాడు. ఆ మాట మీదే కాంట్రాక్టరు ఓడిపోయాడు. ఓడిన కోపంలో నాయినను పనిలోంచి తీసేశాడు. నాకేమో, ఇక కాంట్రాక్టు ఫైళ్లన్నీ నీవేనయ్యా అని సీనియర్ అప్పగించాడు. నా పేరుకు పునాది అదీ.

అవన్నీ తర్వాత. ఆ పూట నేను కాయితాల కట్ట పట్టుకుని బయటికి వచ్చేసరికి నాయిన గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. దగ్గరికి వచ్చి మెల్లగా, “తిన్నవా బిడ్డ?” అన్నాడు. ఏదో చెప్పబోయాను. వెనక సీనియర్ చెప్పుల చప్పుడు.

“ఏంటయ్యా, ఏమంటున్నాడు?” అన్నాడు సీనియర్.

“బస్సు ఎప్పుడని అడుగుతున్నాడండి,” అన్నాను.

నాయిన కండువా సర్దుకుని రెండడుగులు వెనక్కి జరిగాడు.

“అవ్ సార్. పటాన్‌చెరు బస్సు,” అన్నాడు.

నా ఎరుకలో మా నాయిన ఆడిన అబద్ధం అదొక్కటే.