పసుపు రంగు ఆగిపోలేదు

మా ఇంట్లో ఇనుప బీరువా అడుగు అరలో, నా డిగ్రీ సర్టిఫికెట్ల కింద, ఒక పాత బుకింగ్ ఫారం ఉంది. ఇన్నేళ్ళలో అది నన్ను ఒక్క రోజు కూడా స్థిమితంగా ఉండనివ్వలేదు. రెండుసార్లు ఇల్లు మారాం. రెండుసార్లూ సామాను సర్దకముందే ఆ కాగితం తీసి జేబులో పెట్టుకున్నాను. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. బహుశా అందుకే మీతో చెప్పగలుగుతున్నానేమో. విన్నాక మీరు నన్ను ఏమనుకున్నా అది నాకు రావలసిందే.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులు. నేను ఏలూరులో ఒక కార్ల షోరూములో సేల్స్ చూసేవాణ్ణి. తాడేపల్లిగూడెం నుంచి రోజూ పాసింజరులో వచ్చి వెళ్ళేవాణ్ణి. చేపల చెరువులు బాగా కలిసొచ్చిన కాలం అది. మా ఊళ్ళోనే ఏసుపాదం గారని ఒక పెద్దాయన ఉండేవారు. గణపవరం దాటాక కొల్లేటి వైపు ఆయనకు చెరువులు, ఒక ఐసు ఫ్యాక్టరీ ఉండేవి. ఒకప్పుడు చేపల వ్యాను స్వయంగా తోలిన మనిషి. ఆయనకు ఒక్కడే కొడుకు, కిరణ్. పాతికేళ్ళు ఉంటాయి. రెండు తలుపుల స్పోర్ట్స్ కారు కావాలని మా షోరూముకి వచ్చాడు. అలాంటి బండి మేము ఏడాదికి ఒకటి అమ్మితే గొప్ప.

రంగు ఎంచుకోవడానికే మూడుసార్లు వచ్చాడు. కంపెనీ వాళ్ళు వేలెడంత రేకు ముక్కల మీద రంగులు వేసి పంపేవారు. వాటిని నా బల్ల మీద పరుచుకునేవాడు. ఒక్కొక్కటే ఎండలోకి పట్టుకెళ్ళేవాడు, నీడలో పెట్టి చూసేవాడు, మా కూజాలో నీళ్ళు తెచ్చి చల్లి వానలో ఎలా ఉంటుందో చూసేవాడు. పెళ్ళి చీరలు కొనడానికి కూడా ఇంతసేపు పట్టదని నేను ఆటపట్టిస్తే నవ్వేవాడు. తలుపుల కింద పట్టీ నల్లదా, వెండి రంగుదా? అద్దాల వెనక కవర్లు ఏ రంగు? వెనక స్పాయిలర్ పెట్టించాలా వద్దా? అన్నిటికీ నా సలహా అడిగేవాడు. నేను చెప్పిందల్లా నమ్మేవాడు. మొదట్లో అతని మనసు బూడిద రంగు మీదే ఉండేది. అది నిజం, దాచను.

మూడోసారి తండ్రిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఏసుపాదం గారు బూడిద రంగు ముక్కను చేతిలోకి తీసుకుని చూసి బల్ల మీద పెట్టేశారు. "ఇది వద్దురా. పసుపు తీసుకో. మంచు పట్టిందంటే మన గట్ల మీద ఇది కంటికి ఆనదు," అన్నారు. తర్వాత నా వైపు తిరిగారు. "మా వ్యాన్లకి ముందూ వెనకా పసుపే కొట్టిస్తామండి. షోకు కాదండి, బతకాలని." కొడుకు కాసేపు మొహం ముడుచుకుని, అంతలోనే నవ్వేశాడు. "సరే డాడీ, మీ చేపల వ్యాను రంగే," అన్నాడు. ఫారంలో పసుపు దగ్గర టిక్కు పెట్టాడు. పట్టీ నలుపు. సంతకం చేశాడు. నేను మనసులో నవ్వుకున్నాను. లక్షల కారుకి వ్యాను రంగేమిటి, పల్లెటూరి చాదస్తం కాకపోతే, అనుకున్నాను.

డిసెంబరు మూడో వారంలో వేరే ఊరి కస్టమరు ఒకాయన చివరి నిమిషంలో వద్దనడంతో అదే మోడల్ కారు ఒకటి మా యార్డులో మిగిలిపోయింది. బూడిద రంగుది. ఏడాది మారితే దాన్ని పాత బండి అంటారు, ఎవరూ ముట్టుకోరు. "ముప్పయ్యొకటి లోపల ఈ బండి గేటు దాటాలి. లేకపోతే నువ్వు దాటాల్సొస్తుంది," అన్నాడు మా మేనేజరు. నేను కిరణ్‌కి ఫోన్ చేసి పిలిపించాను. పసుపు రంగు కంపెనీ వాళ్ళు ఆపేశారని చెప్పాను. క్రిస్మస్‌కి కారు చేతికి రావాలంటే ఇదొక్కటే దారి అన్నాను.

అతను ఆ కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. కళ్ళల్లో ఆశ కనిపిస్తూనే ఉంది. అయినా ఆగాడు. "డాడీకి మాటిచ్చానండి," అన్నాడు. "నాన్నగారితో నేను మాట్లాడతాలెండి," అన్నాను. కొత్త ఫారం రాశాను, అతను సంతకం పెట్టాడు. పాతది చింపేయమన్నాడు మేనేజరు. చింపలేదు, మడిచి జేబులో పెట్టుకున్నాను. ఎందుకో అప్పుడు నాకే తెలియదు. ఏసుపాదం గారితో మాట్లాడనూ లేదు. రేపు, ఎల్లుండి అనుకుంటూ ఉండిపోయాను. నిజం చెప్పాలంటే, మర్చిపోయాను.

జనవరిలో ఒకరోజు తెల్లవారాక, పాసింజరులో ఎవరో చెప్పుకుంటుంటే విన్నాను. ఏసుపాదం గారి చెరువులో ఆ ఉదయం చేపల పట్టుబడి. కిరణ్ కారులో బయల్దేరాడు. గట్టు మీదికి వెళ్ళేసరికి మంచు కమ్మేసింది. ఏమీ కనిపించకపోతే బండి ఓ పక్కన ఆపి కూర్చోమని చిన్నప్పటి నుంచీ తండ్రి నేర్పిన పద్ధతి. అలాగే ఆపి కూర్చున్నాడు. ఐసు వేసుకొచ్చే వ్యాను వెనక నుంచి వచ్చి కొట్టింది. కారు చెరువులోకి పడిపోయింది. ఆ డ్రైవరు తర్వాత పోలీసులతో ఒకటే మాట చెప్పాడట. "మంచే అనుకున్నానండి. అక్కడ కారుందని తెలీలేదండి."

పసుపు కారైతే బతికేవాడా? ఈ ప్రశ్న నాకు నేను ఎన్నిసార్లు వేసుకున్నానో లెక్కలేదు. బతికేవాడేమో. ఆ మంచులో పసుపు కూడా ఆనేది కాదేమో. ఒక్కోసారి ఈ రెండో మాట పట్టుకుని వేలాడతాను, వారం పది రోజులు హాయిగా గడిచిపోతాయి. తర్వాత చేతులు జారిపోతాయి. అయినా నేను ఒప్పుకోవడానికి వచ్చింది దాని గురించి మాత్రమే కాదు. దానికంటే నీచమైనది ఇంకొకటి ఉంది.

కిరణ్ జ్ఞాపకార్థ కూడిక అయిన రెండో రోజు ఏసుపాదం గారు షోరూముకి వచ్చారు. ఒక్కరే వచ్చారు. గడ్డం మాసిపోయి ఉంది. మంచినీళ్ళు ఇస్తే వద్దన్నారు. కొడుకు రంగు ముక్కలు పరుచుకున్న ఆ బల్ల ముందే కూర్చున్నారు.

"ఒక్క మాట అడిగి వెళ్ళిపోతానండి," అన్నారు. "పసుపు రంగు కంపెనీ వాళ్ళు ఆపేశారని మావాడు చెప్పాడండి. నేను నమ్మలేదు. అంతకు ముందు రోజే బెజవాడ రోడ్డు మీద అదే కారు, పసుపుది, ఇంకా నెంబరు కూడా వెయ్యనిది, కళ్ళారా చూశానండి. నాతోనే అబద్ధాలాడతావా అని అరిచాను. మళ్ళీ వాడితో మాట్లాడలేదండి. పట్టుబడికి ఎప్పుడూ నా జీపులోనే వచ్చేవాడు. ఆ రోజు వాడి కారు వాడు తీసుకుపోయాడు."

నేను బల్ల మీది రసీదు పుస్తకం మూసి పక్కన పెట్టాను.

"మీరే చెప్పాలండి. ఆపేశారనే చెప్పారా మీరు? వాడు నిజమే చెప్పాడా?"

ఆయన వెనక అద్దాల గదిలో మేనేజరు ఫోన్లో మాట్లాడుతున్నాడు. మా వైపే చూస్తున్నాడు. ఔనండి అంటే చాలు. ఒక్క మాట. ఆ మాటతో నా ఉద్యోగం పోయేది, ఇంకా ఏమేమో అయ్యేవి. కానీ ఆ మాట కోసమే ఆయన అంత దూరం వచ్చారు. అది నాకు తెలుసు. తెలిసే చెప్పాను.

"లేదండి. పసుపు ఉందనే చెప్పానండి. బాబుగారే గ్రే కావాలని మార్పించుకున్నారు."

ఆయన బల్ల మీద ఒకసారి చెయ్యి ఆనించారు. "అలాగాండీ," అన్నారు. లేచి నిలబడి చేతులు జోడించారు. "పోనీలెండి. మీరైనా నిజం చెప్పారు."

చచ్చిపోయినవాడు మళ్ళీ వచ్చి కాదనలేడన్న ధైర్యం తప్ప ఆ క్షణంలో నాలో ఇంకేముంది? భయమంటారా? భయం అందరికీ ఉంటుంది. నేను మాత్రం ఆ కుర్రాడు తండ్రితో అన్న ఆఖరి మాటని అబద్ధం చేసేశాను.

ఆ ఏడాది నవంబరులో సమాధుల పండుగకి మా అమ్మ సమాధికి సున్నం వేద్దామని వెళ్ళాను. కిరణ్‌ది కూడా ఆ సమాధుల తోటలోనే ఉంది. అన్నీ తెల్లగా ఉన్న చోట అదొక్కటే పసుపు. ఏసుపాదం గారు స్వయంగా కుంచె పట్టుకుని రంగు వేస్తున్నారు. నన్ను గుర్తుపట్టి పిలిచారు. "రండి బాబూ, కాస్త ఈ డబ్బా పట్టుకోండి," అన్నారు. నల్లరంగు డబ్బా. మోకాళ్ళ మీద కూర్చుని సమాధి అంచు చుట్టూ నల్ల పట్టీ గీశారు. గీయడం అయ్యాక వెనక్కి జరిగి చూసుకున్నారు.

"ఇప్పుడు మాత్రం నా మాట కాదనలేదండి," అన్నారు.

అప్పుడైనా చెప్పవలసింది. డబ్బా పట్టుకుని నిలబడ్డాను. ఆ తర్వాత ప్రతి ఏడూ ఆయన రంగు వేసి వెళ్ళిపోయే దాకా గేటు బయట ఆగి, అప్పుడు లోపలికి వెళ్ళేవాణ్ణి.

రెండేళ్ళ కిందట ఆయన కూడా పోయారు. కొడుకు పక్కనే పెట్టారు. ఇప్పుడు ఆ పసుపు వెలిసిపోయింది, వేసేవాళ్ళు లేరు. పోయిన నవంబరులో ఒక డబ్బా కొందామని కొట్టు దాకా వెళ్ళాను. ఏ మొహం పెట్టుకుని వేస్తాను? వెనక్కి వచ్చేశాను. బీరువాలోంచి ఫారం తీసి జేబులో పెట్టుకుని వెళ్ళి ఆయన సమాధి దగ్గర నిలబడ్డాను. చుట్టూ జనం కొవ్వొత్తులు వెలిగిస్తున్నారు. చెప్పకుండానే గేటు దాటాను. కాగితం మళ్ళీ ఇంటికే వచ్చింది.

ఇదంతా రాస్తుంటే గుండె కొంచెం తేలికపడుతోంది. అలా తేలికపడినందుకు సిగ్గుగా కూడా ఉంది. క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించగలిగినవాళ్ళు ఇద్దరూ ఆ తోటలోనే ఉన్నారు. ఫారం ఇప్పుడు నా ఎదురుగానే ఉంది. రంగు: పసుపు. పక్క పట్టీ: నలుపు. కింద కిరణ్ సంతకం. మీ అబ్బాయి మీ మాట విన్నాడు ఏసుపాదం గారూ. మీతో నిజమే చెప్పాడు. అతనితో అబద్ధమాడింది నేను. మీతో ఆడింది కూడా నేనే.